ప్యానెల్ తలుపు తెరిచి మొదలుపెట్టండి: నీటి ప్లాంట్ పీఎల్‌సీ, స్కాడాలను కాపాడుకునే పద్ధతి

మా కాలువ గట్టు పంప్ హౌస్‌లో పీఎల్‌సీ (పంపుల్ని నడిపే చిన్న పారిశ్రామిక కంప్యూటర్) ప్యానెల్ తెరిచి, వైరింగ్ డక్ట్ మూత ఊడదీశాను. లోపల అరచేతిలో పట్టేంత నల్ల డబ్బా ఒకటి కేబుల్ టైతో కట్టి ఉంది. సిమ్ వేసిన 4జీ రూటర్. పచ్చ లైటు మినుకుమినుకుమంటోంది. దాన్నుంచి నీలం ల్యాన్ కేబుల్ నేరుగా పీఎల్‌సీ పక్కనున్న స్విచ్‌లోకి పోయింది.

"ఇదేంటండీ?" అని ఆపరేటర్‌ని అడిగాను. ఆయన నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద.

"అది ప్యానెల్ పెట్టినవాళ్లదమ్మా. ఏదైనా తేడా వస్తే అక్కణ్ణుంచే చూసుకుంటామని పెట్టెళ్లారు. నాలుగేళ్లయింది."

నాలుగేళ్లుగా ఊరందరికీ నీళ్లు తోడే పంపుల దాకా ఇంటర్నెట్ నుంచి ఒక దారి ఉంది. మా డ్రాయింగుల్లో అది ఎక్కడా లేదు. రూటర్ వెనక స్టిక్కర్ మీదున్న పాస్‌వర్డ్ కొడితే లాగిన్ అయిపోయింది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

నేను గోదావరి డెల్టాలో ఒక పట్టణ నీటి శుద్ధి ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చూస్తాను. మాకు విడిగా సైబర్ సెక్యూరిటీ విభాగమంటూ లేదు. మీ ప్లాంట్‌లోనూ పరిస్థితి ఇదే అయితే, ఆ తర్వాత రెండేళ్లలో మేం చేసుకున్న పనులు మీకు పనికొస్తాయని రాస్తున్నాను. మీది బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ అయినా, రైస్ మిల్లు అయినా, పీఎల్‌సీ ఉంటే చాలావరకు ఇదే వరస.

ముందు ఒక మాట. సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందనగానే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వేసేయాలంటారు. ఆఫీసు కంప్యూటర్‌కైతే సరే. పంపు నడుపుతున్న పీఎల్‌సీని మధ్యాహ్నం రీస్టార్ట్ చేస్తే సాయంత్రం కుళాయిలు ఎండిపోతాయి. కొన్ని లోపాలకు అసలు ప్యాచ్ రాదు కూడా. అందుకే నేను రెండు ప్రశ్నలు వేరువేరుగా వేసుకుంటాను. లోపం ఉందా? ఆ లోపం దాకా బయటివాడు రాగలడా? మొదటిది తయారుచేసిన కంపెనీ చేతిలో ఉంది. రెండోది ఇవాళే మన చేతిలో ఉంది.

నోట్‌బుక్ పట్టుకుని తిరగడం

ఏముందో తెలియకపోతే ఏ లోపం మనకు వర్తిస్తుందో తెలియదు. స్టోర్ రిజిస్టర్‌నీ, పాత డ్రాయింగునీ నమ్ముకోవద్దు. ప్రతి ప్యానెల్ దగ్గరికీ మీరే వెళ్లండి. ప్యానెల్‌కి ఒక పేజీ పెట్టుకోండి. పీఎల్‌సీ పూర్తి ఆర్డర్ నంబర్, ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్, ఐపీ అడ్రస్, స్విచ్‌లో ఏ పోర్టుకి ఏ కేబుల్, సీపీయూ మీద తాళంచెవి ఏ స్థానంలో ఉంది, ప్రోగ్రామ్ బ్యాకప్ ఎక్కడుంది, అది ఏ తేదీది. స్కాడా (పీఎల్‌సీలన్నిటినీ కంట్రోల్ రూమ్ నుంచి చూసి నడిపే వ్యవస్థ) కంప్యూటర్లకైతే విండోస్ ఏ వెర్షన్, ఎన్ని ల్యాన్ కార్డులు, ఎవరెవరికి లాగిన్ ఉంది అన్నవి కూడా.

ఫర్మ్‌వేర్ వెర్షన్‌ని సీపీయూ మీద స్టిక్కర్ చూసి రాసుకోవద్దు. అది ఫ్యాక్టరీలో వేసిన నంబర్, తర్వాత మారి ఉండొచ్చు. ల్యాప్‌టాప్ కలిపి, కంపెనీ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌తో పీఎల్‌సీలోకి వెళ్లి చూడండి. సీమెన్స్ అయితే టియా పోర్టల్‌లో ఆన్‌లైన్ అండ్ డయాగ్నస్టిక్స్, రాక్‌వెల్ అయితే స్టూడియో 5000లో కంట్రోలర్ ప్రాపర్టీస్.

కేబుళ్ల విషయంలో ఒకటే సూత్రం: చేత్తో పట్టుకుని రెండో కొస దాకా వెళ్లండి. ఆ రూటర్ నాకు అలాగే దొరికింది. ఐటీ వాళ్లెవరైనా సాయం చేస్తామని వచ్చి నెట్‌వర్క్ స్కాన్ పెడదామంటే, ప్లాంట్ నడుస్తుండగా వద్దని చెప్పండి. పాత పీఎల్‌సీల ఈథర్‌నెట్ కార్డులు ఆ తాకిడికి బిగుసుకుపోవచ్చు. మా పదకొండు ప్యానెళ్లకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో నేర్చుకున్నంత ఏ ట్రైనింగ్‌లోనూ నేర్చుకోలేదు.

దారులు మూయడం

2023 నవంబర్‌లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో అలిక్విప్పా అనే చిన్న ఊరి నీటి సంస్థకు చెందిన బూస్టర్ స్టేషన్‌లో యూనిట్రానిక్స్ పీఎల్‌సీ స్క్రీన్ మీద హ్యాకర్ల సందేశం ప్రత్యక్షమైంది. సిబ్బంది పంపుల్ని మాన్యువల్‌లోకి తెచ్చుకుని సరఫరా నడుపుకున్నారు. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వ సంస్థలు అందరికీ చెప్పిన పనులు చాలా మామూలువి: 1111 అనే డీఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చండి, పీఎల్‌సీని ఇంటర్నెట్‌కి తగలనివ్వకండి.

మా రూటర్‌ని చూసిన వెంటనే పీకేయాలనిపించింది. పీకలేదు. దాని మీద ఇంకేం ఆధారపడి ఉందో ముందు తెలుసుకోవాలి. ప్యానెల్ పెట్టినవాళ్లకు ఉత్తరం రాసి, వాళ్ల జవాబు వచ్చాక, ఉదయం సరఫరా అయిపోయిన వేళ చూసి తీసేశాం. ఇప్పుడు వాళ్లు దూరం నుంచి చూడాలంటే ముందు ఫోన్ చేస్తారు. కంట్రోల్ రూమ్‌లో ఆ కనెక్షన్‌కి ఒక ప్లగ్ పెట్టాం. మేమే పెడతాం, వాళ్లు చేసేది స్క్రీన్ మీద కూర్చుని చూస్తాం, అయ్యాక మేమే తీసేసి రిజిస్టర్‌లో టైమ్ రాస్తాం. లాగిన్‌కి పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ కూడా పెట్టించాం. 2021 మేలో అమెరికాలో ఇంధనం మోసే కొలోనియల్ పైప్‌లైన్‌ని ఆపేయాల్సి వచ్చింది కదా, దాడి చేసినవాళ్లు లోపలికి వచ్చింది ఓటీపీ లాంటి రెండో తాళం లేని ఒక పాత వీపీఎన్ (దూరం నుంచి నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి) అకౌంట్ ద్వారానే.

ఆఫీసు నెట్‌వర్క్‌నీ ప్లాంట్ నెట్‌వర్క్‌నీ విడదీయండి. మధ్యలో ఫైర్‌వాల్ పెట్టి, మొదట అన్నీ మూసి, కావాల్సినవి మాత్రమే తెరవండి. పీఎల్‌సీతో మాట్లాడే నెట్‌వర్క్ పోర్టు నంబర్లు ఇవి: మోడ్‌బస్ (పీఎల్‌సీలు మాట్లాడే ఒక పాత భాష) 502, సీమెన్స్ 102, రాక్‌వెల్ 44818. ఈ పోర్టులు ఆఫీసు వైపు నుంచి పీఎల్‌సీ దాకా రావాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ ఉండదు. మోడ్‌బస్‌ని మోడికాన్ కంపెనీ 1979లో తెచ్చింది. దానికి పాస్‌వర్డ్ అన్నదే లేదు. ఎవరడిగినా జవాబు చెబుతుంది, ఎవరు రాయమన్నా పీఎల్‌సీ మెమరీలో రాసేసుకుంటుంది. దాన్ని ప్యాచ్‌తో బాగుచేయలేం. దాని దగ్గరికి ఎవర్నీ రానివ్వకుండా చూసుకోవడమే.

ఫైర్‌వాల్ పెట్టాక కూడా మాకు ఇంకో దారి దొరికింది. రిపోర్టుల కంప్యూటర్‌కి రెండు ల్యాన్ కార్డులు. ఒకటి ఆఫీసుకి, ఒకటి స్కాడాకి. ఫైర్‌వాల్‌ని తప్పించుకుని పోయే పక్కతోవ అది. మీ దగ్గరా ఉంటుంది, వెతకండి.

ఇక పెన్‌డ్రైవ్‌లు, ఫోన్లు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రామ్ ఇరాన్‌లోని నతాంజ్ అణు కేంద్రాన్ని లక్ష్యంగా చేసుకుని, విండోస్‌లో అప్పటికి ఎవరికీ తెలియని లోపాల్ని వాడుకుంటూ, పెన్‌డ్రైవ్‌ల ద్వారా కూడా పాకింది. కాబట్టి ఇంటర్నెట్ లేదు కదా అని ధీమాగా ఉండటానికి లేదు. మేం పక్కన ఒక విడి కంప్యూటర్ పెట్టాం. ఏ పెన్‌డ్రైవ్ అయినా అక్కడ స్కాన్ అయ్యాకే లోపలికి. మా కంట్రోల్ రూమ్‌లో అసలు సమస్య వేరే ఉంది. నైట్ షిఫ్ట్ ఆపరేటర్లు ఫోన్ ఛార్జింగ్‌కి స్కాడా కంప్యూటర్ యూఎస్‌బీలో పెట్టేవాళ్లు. ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ (కేబుల్ ద్వారా కంప్యూటర్‌కి ఇంటర్నెట్ ఇవ్వడం) ఆన్ ఉంటే ఆ కంప్యూటర్ ఇంటర్నెట్‌కి ఎక్కినట్టే. సర్క్యులర్ వేస్తే రెండు రోజులు ఆగింది, మూడో రోజు మళ్లీ మొదలు. చివరికి డెస్క్ పక్కన గోడకి ఒక ఛార్జింగ్ బోర్డు బిగించి, రెండు మంచి ఛార్జర్లు పెట్టించాం. యూఎస్‌బీ పోర్టులకు మూతలు వేశాం. ఆ రోజు నుంచి గొడవే లేదు. రాత్రంతా మేలుకుని ఉండేవాళ్లకి ఫోన్ అవసరం. ఆ అవసరం తీరే ఏర్పాటు చేయకుండా వద్దంటే ఎవరు మాత్రం వింటారు?

తాళంచెవి

ఇది పైసా ఖర్చు లేని పని. మా ఫిల్టర్ హౌస్‌లో రాక్‌వెల్ పీఎల్‌సీ. సీపీయూ ముందు చిన్న తాళం ఉంటుంది: రన్, రిమోట్, ప్రోగ్రామ్. నేను చూసినప్పుడు తాళంచెవి రిమోట్‌లో ఉండి, దానికే వేలాడుతోంది. కమిషనింగ్ రోజు, అంటే మొదటిసారి నడిపినప్పుడు, పెట్టింది అలాగే ఉండిపోయింది.

రిమోట్‌లో ఉంటే నెట్‌వర్క్ మీంచి ప్రోగ్రామ్ మార్చొచ్చు. రన్‌లో పెట్టి తాళంచెవి తీసేస్తే ప్రోగ్రామ్ మార్చడం కుదరదు. ఆపరేటర్ స్క్రీన్ నుంచి పంపు ఆన్ ఆఫ్, సెట్‌పాయింట్ (పంపు ఏ విలువ దగ్గర ఆగాలి, ఎంత ఇవ్వాలి లాంటి నిర్ణీత అంకె) మార్పు మాత్రం ఎప్పటిలాగే పనిచేస్తాయి. 2021లో రాక్‌వెల్ లాజిక్స్ కంట్రోలర్లలో సీవీఈ-2021-22681 అనే లోపం బయటపడింది (సీవీఈ అంటే బయటపడ్డ లోపాలకిచ్చే నంబరు). తీవ్రత 10కి 10. అసలైన ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేరా కాదా అని కంట్రోలర్ పోల్చుకునే రహస్య కీ బయటివాళ్లకు దొరికే వీలుందని తేలింది. దానికి కంపెనీ చెప్పిన జాగ్రత్తల్లో ఒకటి, తాళాన్ని రన్‌లో పెట్టమని. అంత పెద్ద లోపానికి అంత చిన్న అడ్డు.

2017లో సౌదీ అరేబియాలో ఒక పెట్రోకెమికల్ ప్లాంట్‌లో ట్రైటన్ అనే మాల్‌వేర్ ట్రైకోనెక్స్ సేఫ్టీ కంట్రోలర్లలోకి చేరగలిగింది. ప్రమాదం వస్తే ప్లాంట్‌ని ఆపాల్సిన కంట్రోలర్లు అవి. వాటి తాళం ప్రోగ్రామ్ స్థానంలో వదిలేసి ఉంది. ఆ సంగతి చదివిన రోజే మా తాళంచెవి తీసి కవర్‌లో పెట్టి, సీల్ వేసి షిఫ్ట్ ఇన్‌ఛార్జి బీరువాలో పెట్టాం. ఎవరు తీసినా సంతకం పెట్టాలి.

పంప్ హౌస్‌ల్లో ఉన్న సీమెన్స్ ఎస్7-1200లకు అలాంటి తాళం ఉండదు. అక్కడ టియా పోర్టల్‌లో ప్రొటెక్షన్ లెవెల్ పెట్టి, ప్రోగ్రామ్ మార్చడానికి పాస్‌వర్డ్ ఇవ్వాలి. పుట్/గెట్ కమ్యూనికేషన్‌ని (ఇతర పరికరాలు నేరుగా పీఎల్‌సీ డేటా చదివే, రాసే పద్ధతి) అనుమతించే టిక్ ఒకటి ఉంటుంది. మీ హెచ్‌ఎంఐకి (ఆపరేటర్ స్క్రీన్) అది అవసరం లేకపోతే తీసేయండి. వెబ్ సర్వర్ వాడకపోతే అదీ ఆపేయండి.

హెచ్చరికలు చదవడం

ప్రతి నెలా రెండో మంగళవారం సీమెన్స్ తన ఉత్పత్తుల లోపాల జాబితా విడుదల చేస్తుంది. అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీసా పారిశ్రామిక కంట్రోల్ సిస్టమ్స్ కోసమే విడిగా హెచ్చరికలు ఇస్తుంది. మన దగ్గర కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఉంది. నెలకోసారి ఒక గంట కేటాయిస్తే మా స్థాయి ప్లాంట్‌కి సరిపోతోంది.

చదివేటప్పుడు ముందు ప్రభావిత వెర్షన్ల వరస చూసి, నోట్‌బుక్‌తో పోల్చండి. తొంభై శాతం మనకు సంబంధం లేనివే అని తేలిపోతాయి. మిగిలినవాటికి స్కోరు చూసి టెన్షన్ పడొద్దు. తోటకి నీళ్లు పెట్టే పంపులో 9.8 ఉండొచ్చు, క్లోరిన్ డోసింగ్‌లో 7 ఉండొచ్చు. నేను ముందు పట్టించుకునేది క్లోరిన్‌నే.

ఉదాహరణకి సీవీఈ-2022-38465. ఎస్7-1200, ఎస్7-1500 కుటుంబాల్లో పీఎల్‌సీలన్నిటికీ కలిపి ఒకే రహస్య కీ వాడారు. ఒక్కచోట అది బయటపడితే అన్నిచోట్లా బయటపడినట్టే. పరిష్కారం ఎస్7-1200కి 4.5, ఎస్7-1500కి 2.9.2 ఫర్మ్‌వేర్, దానికి తోడు టియా పోర్టల్ 17. రెండూ మారాలి, ప్రాజెక్టుని కొత్త వెర్షన్‌కి మార్చుకుని మళ్లీ డౌన్‌లోడ్ చేయాలి. మా మూడు పంప్ హౌస్‌ల్లో రెండింటికి వీలైంది. మూడోదాని సీపీయూ మరీ పాతది, దానికి ఆ ఫర్మ్‌వేర్ ఎక్కదు. దాని ముందు చిన్న ఫైర్‌వాల్ పెట్టి, స్కాడా సర్వర్ ఒక్కదాన్నే దాంతో మాట్లాడనిచ్చాం. వచ్చే బడ్జెట్‌లో సీపీయూ మార్పు రాసుకున్నాం.

ప్యాచ్ వేసే రోజు

సమయం ఎంచుకోవడమే ఇందులో సగం పని. డెల్టాలో వేసవిలో కాలువలు కట్టేస్తారు. అప్పుడు ఊరికి సమ్మర్ స్టోరేజ్ చెరువు నీళ్లే. ఆ రోజుల్లో కాలువ గట్టు పంపులకి పని ఉండదు. దాని పీఎల్‌సీ పనులన్నీ మేం ఆ రోజులకే దాచిపెట్టుకుంటాం. ఫిల్టర్ హౌస్ మాత్రం ఏడాది పొడుగునా నడవాల్సిందే. దానికి ఓవర్‌హెడ్ ట్యాంకులన్నీ నింపుకుని, ఉదయం సరఫరా అయ్యాక, పది నుంచి రెండు గంటల దాకా తీసుకుంటాం. ఒంటిగంటకల్లా పని ఒక దారికి రాకపోతే పాతదానికి వెనక్కి వెళ్లిపోవడమే. ఇంకొక్క పది నిమిషాలు అని సాగదీయకూడదు. ఆ గంట ముందే రాసి గోడకి అంటిస్తాం.

ముందురోజు పీఎల్‌సీ నుంచి ప్రోగ్రామ్‌ని అప్‌లోడ్ చేసి మీ దగ్గరున్న బ్యాకప్‌తో పోల్చండి. మాకు ఒకచోట తేడా వచ్చింది, ఎప్పుడో ఎవరో సైట్‌లోనే మార్చి వదిలేశారు. వీలైతే స్పేర్ సీపీయూ మీద ముందు వేసి చూడండి. సెట్‌పాయింట్లన్నీ కాగితం మీద చేత్తో రాసుకోండి. ఇది ఎందుకంటే, ప్రోగ్రామ్ మళ్లీ డౌన్‌లోడ్ చేసినప్పుడు విలువలు మొదటి స్టార్ట్ వాల్యూలకు వెళ్లిపోవచ్చు. మా రెండో పంప్ హౌస్‌లో అలాగే అయింది. సంప్‌లో (పంపు నీళ్లు తోడుకునే తొట్టి) నీటి మట్టం తగ్గితే పంపుని ఆపే ట్రిప్ విలువ 1.2 మీటర్ల నుంచి 0.4కి పడిపోయింది. స్క్రీన్ మీద అంతా పచ్చగానే ఉంది. కాగితం పట్టుకుని ఒక్కొక్కటీ టిక్ పెడుతుంటే దొరికింది. దొరక్కపోతే పంపు గాలి పీల్చి దెబ్బతినేది.

విండోస్ ప్యాచ్‌లకూ ఇదే జాగ్రత్త కావాలి. 2023 మార్చి 14 అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ డీకామ్ (విండోస్ ప్రోగ్రాములు నెట్‌వర్క్ మీద మాట్లాడుకునే పద్ధతి) భద్రతని తప్పనిసరిగా కఠినం చేసింది. పీఎల్‌సీ డేటాని స్కాడాకి అందించే పాత తరహా ఓపీసీ డీఏ నడిచేది డీకామ్ మీదే కాబట్టి, సిద్ధం చేసుకోని చోట స్కాడాకి డేటా రావడం ఆగిపోయే ప్రమాదం ఉంది. మీ స్కాడా కంపెనీ ఏ అప్‌డేట్‌లను పరీక్షించి సరేనందో జాబితా అడగండి. అలాగని పక్కన పెట్టేయడమూ కుదరదు. ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై మాల్‌వేర్ వాడుకున్న లోపానికి 2017 మార్చి 14నే ప్యాచ్ వచ్చింది. దాడి మే 12న. మధ్యలో రెండు నెలల వ్యవధి ఉన్నా ప్రపంచమంతా లక్షల కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. విండోస్ 7కి 2020 జనవరి 14తో, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ముగిసింది. మార్చలేని మెషీన్ ఉంటే దానిలో అనుమతించిన ప్రోగ్రాములు తప్ప ఇంకేవీ నడవకుండా చేయండి, ఈమెయిల్, బ్రౌజర్ తీసేయండి.

స్క్రీన్‌ని ఒక్కదాన్నే నమ్మొద్దు

స్టక్స్‌నెట్ అక్కడి ఆపరేటర్లకి ముందే రికార్డు చేసుకున్న మామూలు విలువల్ని చూపించింది. లోపల యంత్రాలు దెబ్బతింటుంటే స్క్రీన్ మీద అంతా సవ్యంగానే ఉంది. ఇది నా మనసులోంచి పోదు, ఎందుకంటే మా స్క్రీన్ మీద రెసిడ్యువల్ క్లోరిన్ (శుద్ధి తర్వాత నీళ్లలో మిగిలే క్లోరిన్) లీటరుకి 0.5 మిల్లీగ్రాములు అని ఉంటే ఊళ్లో పిల్లలు ఆ నీళ్లే తాగుతారు. అందుకని గంటకోసారి ఆపరేటర్ శాంపిల్ ట్యాప్ దగ్గర నీళ్లు పట్టి, క్లోరోస్కోప్‌లో చుక్కలు వేసి, పసుపు రంగు పోల్చి పుస్తకంలో రాస్తారు. కనీసం 0.2 ఉండాలని తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. స్క్రీన్‌కీ పుస్తకానికీ తేడా వస్తే పుస్తకాన్ని నమ్మి నాకు ఫోన్ చేయమన్నాను, అది ఎన్ని గంటలైనా సరే.

ఇంకొకటి, హైపో (క్లోరిన్ మందు ద్రావణం) డోసింగ్ పంపు స్ట్రోక్ నాబ్‌ని (ఎంత మందు పోవాలో చేత్తో పెట్టే పిడి) మా గరిష్ట అవసరానికి కొంచెం పైన బిగించేశాం. పీఎల్‌సీ నూటికి నూరు ఇమ్మన్నా అంతకుమించి మందు పడదు. దీన్ని ఏ హ్యాకరూ నెట్‌వర్క్ మీంచి తిప్పలేడు.

బ్యాకప్, పాస్‌వర్డ్‌లు, ఆ రోజు వస్తే

ప్రతి పీఎల్‌సీ, హెచ్‌ఎంఐ, స్విచ్ కాన్ఫిగరేషన్ బ్యాకప్ మూడు చోట్ల. ఒకటి నెట్‌వర్క్‌కి అస్సలు కలపని హార్డ్ డిస్క్‌లో. ఆర్నెల్లకోసారి స్పేర్ సీపీయూ మీద ఎక్కించి చూడాలి.

కాంట్రాక్టర్ మనిషి మారినా, మన మనిషి బదిలీ అయినా ఆ రోజే పాస్‌వర్డ్‌లు మార్చండి. 2000లో ఆస్ట్రేలియాలోని మరూచీ షైర్‌లో, మురుగునీటి వ్యవస్థ బిగించిన కంపెనీలో పనిచేసి మానేసిన ఒకతను రేడియో పరికరంతో పంపింగ్ స్టేషన్లని తన ఇష్టానికి ఆడించాడు. దాదాపు ఎనిమిది లక్షల లీటర్ల మురుగు వాగుల్లోకి, పార్కుల్లోకి పోయింది. అతనికి ఏ లోపమూ వెతకాల్సిన పని పడలేదు.

ఏదైనా తేడాగా అనిపిస్తే ఆఫీసుకీ ప్లాంట్‌కీ మధ్య కేబుల్ పీకేయండి. మా స్విచ్‌లో ఆ ఒక్క కేబుల్ ఎరుపు రంగుది, ఎవరికైనా తెలిసేలా. కంప్యూటర్‌ని ఆఫ్ చేయొద్దు, ఫార్మాట్ అసలే చేయొద్దు, ఆధారాలు పోతాయి. 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం ఆరు గంటల్లోగా సెర్ట్-ఇన్‌కి తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. అన్ని మెషీన్ల గడియారాలు ఒకటే టైమ్ చూపిస్తేనే ఆ లాగ్‌లు పనికొస్తాయి. మా దగ్గర ఒక హెచ్‌ఎంఐ పదిహేడు నిమిషాలు వెనక ఉండేది.

2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో మూడు విద్యుత్ పంపిణీ సంస్థల మీద దాడి జరిగినప్పుడు సుమారు 2,25,000 మంది వినియోగదారులకి కరెంటు పోయింది. వాళ్లు కొన్ని గంటల్లోనే సరఫరా తిరిగి ఇవ్వగలిగారంటే, మనుషులు సబ్‌స్టేషన్లకి వెళ్లి చేత్తో బ్రేకర్లు వేయగలిగారు కాబట్టి. అది చదివాక మేమూ ఒక ఆదివారం స్కాడా లేకుండా ప్లాంట్ నడిపి చూశాం. నాలుగు పంపుల్లో మూడు లోకల్‌లోకి తిప్పగానే తిరిగాయి. మూడో నంబర్ పంపు కదల్లేదు. ప్యానెల్ తెరిస్తే లోకల్-రిమోట్ సెలెక్టర్ స్విచ్ కాంటాక్ట్ బ్లాక్ తుప్పుపట్టి ఉంది. ప్లాంట్ మొదలైనప్పటి నుంచి దాన్ని ఎవరూ తిప్పలేదట. సోమవారం కొత్త బ్లాక్ తెప్పించి వేయించాం. ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం నాలుగు పంపుల్నీ ఒక గంట చేత్తోనే నడుపుతాం. ఆ గంట ఇన్‌ఛార్జి, రూటర్ సంగతి నాకు చెప్పిన ఆ పెద్దాయనే.